ఇరవైమూడు ఫిర్యాదులు

ఉదయం ఎనిమిదింటికి నర్సమ్మ కారులో కూర్చుని, బ్రేకు మీద కాలు పెట్టి స్టార్ట్ బటన్ నొక్కింది. కారు టిక్కుమంది. మళ్ళీ నొక్కితే టిక్ టిక్ టిక్ అంది. మూడోసారి నొక్కేసరికి ఎదురుగా ఉన్న తెర మీద ఎర్రవీ పసుపువీ దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. స్టీరింగు బొమ్మ, బ్రేకు బొమ్మ, బెల్టు కట్టుకున్న మనిషి బొమ్మ, దేనివో ఎవరికీ తెలియని బొమ్మలు ఇంకో నాలుగు, అన్నీ కాసేపు మిణుకుమిణుకుమని చల్లారిపోయాయి. 

నర్సమ్మ అన్నది ఆమె పేరు కాదు. పద్దెనిమిదేళ్ళుగా ఆసుపత్రిలో నర్సు కాబట్టి వీధి వీధంతా అలాగే పిలుస్తుంది, ఆమె కూడా అలాగే పలుకుతుంది. ఆ రోజు పదకొండుంపావుకి ఆమెకి డ్రైవింగ్ పరీక్ష. ఇది మూడోసారి. ఇదీ పోతే నాలుగోసారి వెళ్ళొచ్చుగా అంటారేమో. వెళ్ళొచ్చు. కానీ లెర్నర్ లైసెన్సు గడువు ఆ సాయంత్రంతో సరి. మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెడితే నెలలు పడుతుంది, ఆసుపత్రివాళ్ళేమో సోమవారం దాకానే ఆగుతామన్నారు. మంచం దిగలేని రోగుల ఇళ్ళకి స్వయంగా కారు నడుపుకుంటూ వెళ్ళి, కట్లు మార్చి, ఇంజెక్షన్లు ఇచ్చి, నాలుగు మంచిమాటలు చెప్పి వచ్చే ఉద్యోగం అది. వార్డులో నిలబడి నిలబడి కాళ్ళు వాచిన మనిషికి అంతకన్నా కావలసిందేముంది? ఆమె తర్వాత వరసలో ఇంకో నర్సు లైసెన్సు పర్సులో పెట్టుకుని సిద్ధంగా ఉంది.

మొదటి పరీక్ష గీత తొక్కి పోయింది. అది పరవాలేదు, గీతలు అందరూ తొక్కుతారు. రెండోది పోయిన తీరు తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఆమె చెవులు వేడెక్కుతాయి. ఇన్‌స్పెక్టరు కుడివైపు తిప్పమన్నాడు. ఆమె కుడి ఇండికేటరు వెయ్యబోయి వైపర్లు వేసింది. మబ్బుతునకైనా లేని ఎండలో వైపర్లు కీచుకీచుమంటూ అటూ ఇటూ ఊగాయి. వాటిని ఆపబోయి కంగారులో నీళ్ళు చిమ్మే మీట లాగింది. వంతు కోసం గోడ మీద వరసగా కూర్చున్న ముప్ఫైమందీ గొల్లున నవ్వారు. ఆ నవ్వు ఆమె వెంట ఇంటిదాకా వచ్చింది.

"ఏమైంది?" అంటూ ఆమె భర్త బయటికొచ్చారు. ఆయన లెక్కల మాస్టారు. ఆయనకి తెలియని విషయమంటూ లేదు, తెలియదని ఒప్పుకోవడం ఒక్కటే చేతకాదు.

"స్టార్ట్ అవ్వట్లేదండీ."

"నువ్వు నొక్కి ఉండవు సరిగ్గా. లే." ఆయన కూర్చుని నొక్కారు. టిక్ టిక్ టిక్. "హఁ," అన్నారు. ఇంకోసారి నొక్కారు. "బ్యాటరీ మాత్రం కాదు. మూడు వారాల కిందటే కొత్తది వేయించాను. బ్యాటరీ అయ్యే ప్రశ్నే లేదు."

బ్యాటరీ కాదని అంత గట్టిగా తేల్చేశాక ఇంకేమిటో తేల్చడం ఆయన వల్ల కాలేదు. తమ్ముడికి ఫోన్ చేశారు.

తమ్ముడు కార్ల మెకానిక్. అన్న ఎంత మాటకారో తమ్ముడు అంత పొదుపు. అతనికి ఒక మొండి పద్ధతి ఉంది: జబ్బేమిటో తేలకుండా బండిని రోడ్డెక్కించడు. బతిమాలినా అంతే, కేకలేసినా అంతే. ఆ పద్ధతి నచ్చక కొందరు వదిలేసి పోయారు, మిగిలినవాళ్ళు అతన్ని తప్ప ఇంకొకర్ని తమ బండి మీద చెయ్యి వెయ్యనివ్వరు. ఎనిమిదీ నలభైకల్లా తన వ్యాను తెచ్చి ఇంటిముందు ఆపాడు.

"ఎవరైనా ఏమైనా చేశారా దీన్ని?" అన్నాడు దిగుతూనే.

"నేనేం చెయ్యలేదు," అన్నారు మాస్టారు.

"నేనూ ఏం చెయ్యలేదయ్యా," అంది నర్సమ్మ.

"నేనా? దాని జోలికే పోనురా నాయనా," అన్నారు అత్తగారు వరండాలో కుర్చీలోంచి.

మరిది తలూపి, అరచేయి కన్నా కాస్త పెద్దదైన స్కానర్ తీసి, స్టీరింగు కింద మోకాలి దగ్గరుండే చిన్న సాకెట్లో దాని తీగ గుచ్చాడు. పాత కార్లకి మెదడు ఉండేది కాదు. ఇప్పటి కార్లకి పాతిక దాకా ఉంటాయి. ఇంజిన్‌కి ఒకటి, బ్రేకులకి ఒకటి, స్టీరింగుకి ఒకటి, ఆఖరికి పక్క అద్దాలు మడవడానికి కూడా ఒకటి. ఏ మెదడుకి ఏ తేడా తోచినా ఒక కోడ్ నంబరు రాసిపెట్టుకుంటుంది. ఆ నంబర్లన్నీ స్కానర్ చదివి చెబుతుంది.

"ఇరవైమూడు," అన్నాడు మరిది.

"ఇరవైమూడు కోడ్లా!" మాస్టారు రెండు చేతులూ తలమీద పెట్టుకున్నారు. "అయితే కారు మొత్తం పోయినట్టే. ముందవి చెరిపెయ్యరా. ఆ దీపాలన్నా పోతాయి."

"చెరిపితే కథ పోతుంది అన్నయ్యా." మరిది జేబులోంచి కాగితం తీసి ఒక్కో కోడే రాసుకోవడం మొదలుపెట్టాడు. ఇది కూడా అతని పద్ధతే, కాగితం మీద రాయనిదాన్ని చెరపడు. నర్సమ్మ గోడ గడియారం కనబడేలా గుమ్మంలో నిలబడింది. తొమ్మిదైంది. తొమ్మిదీ అయిదైంది. అతని అక్షరాలు గుండ్రంగా, తీరిగ్గా, ఒక్కొక్కటీ ముత్యంలా వస్తున్నాయి. జీవితంలో మొదటిసారి ఆమెకి మంచి చేతిరాత మీద కోపం వచ్చింది.

రాయడం అయ్యాక అతను తలెత్తాడు. "వదినా, ఒక మనిషి మీ దగ్గరికొచ్చి తల తిరుగుతోంది, కాళ్ళు లాగుతున్నాయి, చేతులు వణుకుతున్నాయి, కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి అంటే ఎన్ని జబ్బులంటారు?"

"జబ్బులెందుకు? తిండి తిని ఎంతసేపయింది అని అడుగుతాం."

"అదీ సంగతి. ఈ ఇరవైమూడూ అంతే. బ్రేకులు ఇంజిన్‌ని పిలిస్తే పలకలేదట. స్టీరింగు బ్రేకుల్ని పిలిస్తే పలకలేదట. అందరికీ నీరసం, ఒకళ్ళ మీద ఒకళ్ళు ఫిర్యాదులు. అసలు సంగతేమిటంటే కరెంటు లేదు." మీటరు తీసి బ్యాటరీ రెండు కొనలకీ ఆనించాడు. "పన్నెండున్నర వోల్టులు దాటి ఉండాలి. పది చిల్లర ఉంది. ఖాళీ."

"కొత్త బ్యాటరీరా అది!" మాస్టారు ఒంటికాలి మీద లేచారు.

"కొత్తదే. కొత్తది ఖాళీ ఎందుకయిందన్నదే నాకు తెలియాలి."

"అదంతా తర్వాత చూద్దువుగాని," అంది నర్సమ్మ. "నీ వ్యాను నుంచి తీగలు పెట్టి స్టార్ట్ చేసెయ్యవయ్యా. నాకు పదకొండుంపావుకి పరీక్ష."

"చెయ్యొచ్చు వదినా. మీరు పరీక్షలో ఉండగా ఏదో కంప్యూటరుకి పిచ్చెత్తి స్టీరింగు బిగుసుకుంటే? కారణం తెలియకుండా పంపను." అంతే. ఆ గొంతు ఆమెకి తెలుసు. వార్డులో ఇంజెక్షన్ వద్దని మొరాయించే రోగులతో తనూ ఆ గొంతుతోనే మాట్లాడుతుంది.

దొంగతనంగా ఏదైనా కరెంటు తాగుతోందేమో అని అతను ఇంకో మీటరు పెట్టి, కారు తలుపులన్నీ వేసి, పది నిమిషాలు కదలకుండా నిలబడ్డాడు. తలుపులు వేసి వదిలేస్తే కారు నిద్రపోతుందట, నిద్రలో ఎంత తాగుతుందో చూడాలట. నర్సమ్మకి అరిచి దాన్ని లేపాలనిపించింది. చివరికి, "బుద్ధిగానే నిద్రపోతోంది," అన్నాడు. మళ్ళీ స్కానర్ తీసి కోడ్ల వెనకాల ఉన్న తేదీలూ టైములూ చూడడం మొదలుపెట్టాడు. అతని కనుబొమలు ముడిపడ్డాయి.

"విచిత్రంగా ఉందే. కరెంటు తగ్గిపోతోందని ఇది చాలా రోజులుగా మొత్తుకుంటోంది. చూడండి, తెల్లవారుజామున ఐదుంపావు. మొన్న ఐదుంపావు. అటుమొన్న ఐదుంపావు. ఇంజిన్ ఆఫ్, స్పీడు సున్నా, కరెంటు మాత్రం ఆన్. హెడ్‌లైట్లు కూడా వెలుగుతున్నాయి. ఇంకా రెండు మూడు టైములున్నాయి గానీ ఎక్కువ ఇదే." తల గోక్కున్నాడు. "ఎవరూ ముట్టుకోలేదంటున్నారు. అంటే దానంతటదే నిద్రలేస్తోంది. లైట్లూ అవీ చూసే కంప్యూటరు పోయి ఉండాలి. అది ఊడదీసి షాపుకి పట్టుకెళ్ళాలి. రెండు రోజులు."

నర్సమ్మ గుమ్మం దిగి కారు దగ్గరికి వచ్చింది.

తెల్లవారుజామున ఐదుంపావుకి కారులో కూర్చునేది ఆమే మరి. వైపర్ల అవమానం జరిగిన మర్నాటి నుంచీ, ఇల్లంతా నిద్రలో ఉండగా, పిల్లిలా నడుచుకుంటూ వచ్చి, తలుపు చప్పుడు కాకుండా వేసుకుని, ఇంజిన్ స్టార్ట్ కాకుండా, బ్రేకు తొక్కకుండా బటన్ మాత్రం నొక్కి ముప్పావుగంట సాధన చేస్తోంది. కళ్ళు మూసుకుని కుడి ఇండికేటరు, ఎడమ ఇండికేటరు, హెడ్‌లైట్లు, వైపర్లు. చూడకుండా వేళ్ళు వాటంతటవే సరైన మీట మీదికి పోయేదాకా. ఇంజిన్ వెయ్యలేదు కాబట్టి ఏమీ ఖర్చవడం లేదనే అనుకుంది. భర్త పక్కన కూర్చుని నేర్పుతానంటే ఆమెకి వణుకు. "నువ్వు స్టీరింగు పట్టుకుంటే వీధికుక్కలు కూడా సెలవు పెడతాయి," అని ఆయన ఒకసారి నలుగురిలో అన్నారు. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. ఆ మాట మాత్రం ఎక్కడో గుచ్చుకుని ఉండిపోయింది. ఇప్పుడు ఈ చీకటి సాధన సంగతి తెలిస్తే ఇంకేమన్నా ఉందా? చుట్టాలిళ్ళన్నీ తిరిగి చెబుతారు.

మరిది స్క్రూడ్రైవర్ తీశాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. డాష్‌బోర్డు కింద ప్లాస్టిక్ మూత మొదటి స్క్రూ సగం తిరిగింది.

"ఆగు," అంది నర్సమ్మ. గొంతు ఆమె అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. "కంప్యూటరు పోలేదు. ఐదుంపావుకి దాన్ని లేపేది నేను."

చెప్పేసింది. వైపర్లు, కళ్ళు మూసుకోవడం, గోడ మీద పడే హెడ్‌లైటు వెలుగులో తన చేతుల నీడ చూసుకోవడం, అన్నీ ఊపిరి తీసుకోకుండా చెప్పేసి, భర్త నవ్వు కోసం ఎదురుచూసింది.

మాస్టారు నవ్వలేదు. నేలచూపులు చూస్తున్నారు.

మరిది కాగితం తీశాడు. "సరే, ఐదుంపావు మీరు. మరి రాత్రి తొమ్మిదిన్నర ఎవరు?"

 మాస్టారు గొంతు సవరించుకుని, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "అదీ... అప్పుడప్పుడూ... భోజనమయ్యాక పాత పాటలు వింటూంటాను. ఇంట్లో వింటే సీరియల్‌కి అడ్డం అంటారు కదా."

"వినడమేనా?" అంది నర్సమ్మ. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆ ముఖం మీద ఆ రంగు ఆమె ఎప్పుడూ చూడలేదు.

"కొంచెం... పాడతాను కూడా. అద్దాలు ఎత్తేసుకునే!"

నర్సమ్మ నోరు వెళ్ళబెట్టింది. క్లాసులో పిల్లవాడు పెన్సిల్‌తో బల్ల మీద తాళం వేస్తేనే బయట నిలబెట్టే మనిషి!

"మధ్యాహ్నం రెండున్నర?" అన్నాడు మరిది. ఈసారి అతని పెదవులు అదురుతున్నాయి.

వరండాలో కుర్చీ కిర్రుమంది. "ఆ సీటు వేడెక్కుతుంది కదరా," అన్నారు అత్తగారు, తప్పంతా సీటుదే అన్నట్టు. "బటన్ నొక్కితే చాలు, నడుముకి ఎంత హాయిగా ఉంటుందో. ఓ కునుకు తీస్తాను. ఎవరికి నష్టం?"

"దాని జోలికే పోనన్నావు కదమ్మా!"

"నడపడానికి పోనన్నాను."

మరిది నవ్వీ నవ్వీ కారు చక్రానికి ఆనుకుని కింద కూలబడ్డాడు. "మీ ఇంట్లో కారు నడిపేవాళ్ళు లేరు గానీ, కాపురముండేవాళ్ళు ముగ్గురున్నారు! మూడు వారాల్లో ఇది తిరిగింది తొమ్మిది కిలోమీటర్లు. మరి తిండెక్కడిది దీనికి? ఇంజిన్ తిరిగితేనే బ్యాటరీ నిండుతుంది."

ముందు మాస్టారు నవ్వారు, తర్వాత నర్సమ్మ, తర్వాత అత్తగారు. నవ్వుతూనే నర్సమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత చిన్న ఇంట్లో, ఎవరూ చూడకుండా తలుపేసుకోవడానికి కాస్త చోటు కావలసింది తనకొక్కదానికే కాదన్నమాట.

కారణం తేలింది కాబట్టి మరిది చేతులు ఇప్పుడు చకచకా ఆడాయి. వ్యాను పక్కకి తెచ్చి రెండు బ్యాటరీలకీ తీగలు తగిలించాడు. నర్సమ్మ బటన్ నొక్కింది. కారు ఒక్కసారి వణికి, హుషారుగా అందుకుంది. ఇంజిన్ తిరుగుతూండగా మీటరు పెట్టి, "పద్నాలుగు పైన. బాగా నింపుతోంది," అన్నాడు. కోడ్లన్నీ చెరిపాడు. ఇరవైమూడింట్లో ఒక్కటి కూడా తిరిగి రాలేదు.

"ఇప్పుడు దీన్ని ఆపకుండా గంటసేపు నడపాలి. అప్పుడు ఒకటి రెండుసార్లు స్టార్ట్ అయ్యేంత ఛార్జి ఎక్కుతుంది. ఎక్కుతుందనే అనుకుంటున్నాను."

"నేను నడుపుతాను, జరుగు," అన్నారు మాస్టారు.

నర్సమ్మ జరగలేదు. తొమ్మిదీ యాభై. ఎదురింటి మేడ మీద బట్టలారేస్తున్న ఆవిడ చెయ్యి ఆపి చూస్తోంది. కిందింటి దర్జీ కత్తెర పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. పట్టపగలు, వీధంతా చూస్తూండగా. ఇంట్లోవాళ్ళ ముందు చెప్పాల్సిందంతా చెప్పేశాక, ఇంక ఈ వీధి ఎంత?

"నేనే నడుపుతాను," అంది. "మీరు వెనక కూర్చోండి. మరిది నా పక్కన."

"నేనూ వస్తాను," అన్నారు అత్తగారు. అప్పటికే ఆవిడ వెనక తలుపు తెరిచారు.

మలుపు తిరక్కుండానే మాస్టారు, "బ్రేకు, బ్రేకు!" అన్నారు. "పక్కవాళ్ళు తప్ప వెనకవాళ్ళు మాట్లాడకూడదు అన్నయ్యా," అన్నాడు మరిది. ఆ తర్వాత ఆయన నోరు మూసుకుని, ముందు సీటు వీపుని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నారు. ఆ గంటలో నర్సమ్మ ఊరి చుట్టూ ఉన్న పెద్ద రోడ్డు మీద రెండు చుట్లు తిరిగింది. లారీ హారన్ కొట్టింది, కొట్టనిచ్చింది. ఒక సైకిలతను అడ్డం వచ్చాడు, నిమ్మళంగా ఆగింది. ఎన్ని మలుపులు తిరిగినా వైపర్లు మాత్రం ఒక్కసారి కూడా ఊగలేదు. రెండో చుట్టులో వెనక నుంచి సన్నగా కూనిరాగం వినిపించింది. అద్దంలో చూస్తే మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ పాడుకుంటున్నారు. గొంతు బాగానే ఉంది, పరవాలేదు.

పరీక్ష మైదానానికి చేరేసరికి పదకొండూ పది. కుటుంబమంతా దిగి గోడ మీద కూర్చున్నారు. అదే గోడ, అదే ఇన్‌స్పెక్టరు. అట్టకి బిగించిన కాగితాలతో వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఇంజిన్ ఆపెయ్యండమ్మా. మొదట్నుంచీ స్టార్ట్ చెయ్యండి."

నర్సమ్మ చెయ్యి బటన్ మీద ఆగింది. గోడ మీద మరిది లేచి నిలబడ్డాడు.

"సార్, ముందే చెబుతున్నాను. బ్యాటరీ నీరసంగా ఉంది. ఆపితే మళ్ళీ లేస్తుందో లేదో తెలియదు."

"ఎందుకుంది నీరసంగా?"

దాచే ఓపిక ఆమెకి ఇంక లేదు. "పోయినసారి ఇండికేటరు బదులు వైపర్లు వేశాను సార్. మళ్ళీ అలా చెయ్యకూడదని తెల్లవారుజామున ఆగిన కారులో కూర్చుని మీటలు నేర్చుకున్నాను. బ్యాటరీ ఖాళీ చేశాను."

ఇన్‌స్పెక్టరు ఆమెని పరకాయించి చూశాడు. "వైపర్ల అమ్మగారా! నీళ్ళు కూడా చిమ్మారు కదూ?"

"చిమ్మాను," అంది. ఆయన నవ్వాడు. విచిత్రంగా ఆమెకీ నవ్వొచ్చింది. "సరేనమ్మా, ఆపక తప్పదు. రూల్. లేవకపోతే మాత్రం పరీక్ష అయిపోయినట్టే."

ఆమె ఫ్యాను కట్టేసింది. రేడియో కట్టేసింది. లైట్లు ఆపి ఉన్నాయో లేదో చూసుకుంది. రోగికి ఇంజెక్షన్ ఇచ్చేముందు అన్నీ సరిచూసుకునేటట్టు వరసగా, తొందర లేకుండా. ఇంజిన్ ఆపింది. మైదానం ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమైపోయిందో! బ్రేకు మీద కాలు పెట్టి బటన్ నొక్కింది. కారు ఒక క్షణం ఆలోచించింది. ఆ క్షణంలో ఆమెకి వార్డు, వాచిన కాళ్ళు, వరసలో నిలబడ్డ ఆ ఇంకో నర్సు, అందరూ కనిపించారు. తర్వాత ఇంజిన్ మెల్లగా గొణిగి, అందుకుంది.

"కుడివైపు తిప్పండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆమె వేళ్ళ వంక చూసుకోలేదు. కుడి ఇండికేటరు టకటకమంది. ఎనిమిది అంకె ఆకారంలో తిరిగింది, వెనక్కి నడిపి రెండు కర్రల మధ్య ఆపింది, ఒక్క గీత కూడా తొక్కలేదు. దిగేముందు ఇన్‌స్పెక్టరు కాగితం మీద పాస్ అని రాసి, దాని కింద గీత కూడా గీశాడు. గోడ మీదున్నవాళ్ళకి ఎలా తెలిసిందో గానీ, ముందు చప్పట్లు కొట్టింది అత్తగారే.

సోమవారం ఉదయం నర్సమ్మ మొదటి రోగి ఇంటికి వెళ్ళింది. తుంటి ఎముక విరిగి మంచం పట్టిన ముసలావిడ. కట్టు విప్పుతూంటే ఆవిడ అడిగింది, "ఇంత దూరం ఎవరు దింపారమ్మా నిన్ను?"

"ఎవరూ దింపలేదండీ. నేనే నడుపుకుంటూ వచ్చాను."

ఆ మాట అంటే ఎంత బాగుందో చెప్పలేం. ఇంకెవరైనా అడిగితే బాగుండుననిపించింది. కాసేపటికి వేణ్ణీళ్ళు పట్టుకుని ఆవిడ కోడలు గదిలోకి వచ్చింది. ఆ కోడలు ఏమీ అడగలేదు. నర్సమ్మే చెప్పింది.